పటంలో మన చోటు

 మాకు బడిలో కుంచె పట్టడం నేర్పిన సారు పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు సంతోషం కంటే ముందు బరువే తోచింది. ఆయన ఉన్నంతకాలం తన గురించి ఎవరినీ పొగడనీయలేదు. అందుకని ఆయన్ను కీర్తించే పని పెట్టుకోను. నలభై ఏళ్ల కింద ఆయన అడిగిన ఒక ప్రశ్న ఉంది. దానికి నాకు ఇన్నాళ్లకు తోచిన జవాబేదో మీ ముందు పెడతాను.

సారు ఏ ఆరో తరగతికి వచ్చినా మొదటి రోజు చెప్పే పని ఒకటే. "మీ ఇల్లు గీయండి" అనేవారు. మేమంతా తలలు వంచుకుని గీసేవాళ్లం. రెండు కొండలు, వాటి నడుమ పొద్దు, కిందికి దిగే ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరిచెట్టు, దాని పక్కన పెంకుటిల్లు. యాభైమంది పిల్లల పలకల మీదా అదే బొమ్మ. మా ఊళ్లో కొబ్బరిచెట్టన్నదే లేదు, ఉన్నవన్నీ తాళ్లు, ఈదులు. ఏరు ఏడాదిలో రెండు నెలలు పారితే గొప్ప. ఆ తరగతిలో తండా నుంచి నడిచివచ్చే పిల్లలున్నారు, ఊరి చివరి గూడెం పిల్లలున్నారు, సాంచెల చప్పుడు మధ్య నిద్రపోయే పిల్లలున్నారు. సారు బెంచీల మధ్య తిరిగి అన్ని పలకలూ చూసి, కోపం లేకుండా, "ఇది ఎవరిల్లు?" అని అడిగేవారు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయేవాళ్లం.

ఇవాళ దేశంలో ఎందరో కళాకారులు తమ కులాన్ని, మతాన్ని, ఊరిని, ఆడపుట్టుకను, వెలివేతను, వలసను బొమ్మల్లోకి తెస్తున్నారు. దీనికి అస్తిత్వ కళ అని పేరు పెట్టి, ఇది పడమటి దేశాల నుంచి నిన్నమొన్న దిగిన ధోరణి అనేవారున్నారు. కళను రాజకీయం చేస్తున్నారని నొచ్చుకునేవారూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. నేను ఎవరిని, ఈ లోకంలో నా చోటు ఎక్కడ అన్న ప్రశ్న మన నేల మీద బొమ్మకు కొత్త కాదు. బొమ్మ పుట్టిన కారణాల్లోనే అదొకటి. మారిందల్లా ఆ ప్రశ్న ఎవరి ముందు అడుగుతున్నారన్నది. ఒకప్పుడు తనవాళ్ల ముందు మాత్రమే విప్పిన పటాన్ని ఇప్పుడు కళాకారుడు అందరి ముందూ విప్పుతున్నాడు. అలజడి అంతా అక్కడే పుడుతోంది.

ఆ పటాన్ని చూడటానికి ముందుగా చేర్యాల వెళదాం. అక్కడి నకాషీ కళాకారుల బొమ్మలు మనలో చాలామంది ఇళ్లలో ఉంటాయి, చిన్న చట్రాలుగానో గోడకు తగిలించే ముఖాలుగానో. ఆ బొమ్మ అసలు రూపం అది కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా కథ గీసేవారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. చుట్ట చుట్టిన ఆ పటాన్ని కథకులు ఊరూరా మోసుకుపోయి, రాత్రి దీపం వెలుగులో కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవారు.

ఆ కథలు అందరివీ కావు. నేటి చర్చల్లో ఎవరికీ గుర్తురానిది ఈ సంగతే. పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పేవారు. అందులో నాయకుడు భావనాఋషి, తామరతూళ్ల దారంతో దేవతలకు బట్ట నేసినవాడు. రజకులకు పటంవారు మడేలు పురాణం చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. గొల్లలకు మందెచ్చులవారు గుడ్డకు బదులు బొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెప్పేవారు. ఊళ్లో పెద్దకులాల పురాణం గుడి గోడల మీద రాతిలో ఉంది. మగ్గం ముందు కూర్చున్నవాడికి, చాకిరేవులో బట్ట ఉతికేవాడికి, తోలు పదును చేసేవాడికి గుడి గోడ మీద చోటు లేదు. వాళ్లు తమ చోటును గుడ్డ మీద గీయించుకున్నారు. ఆ పటంలో వాళ్ల పనిముట్టే లోకానికి ఇరుసు. బట్ట లేకపోతే దేవతలకు మానం లేదు. ఉతికేవాడు లేకపోతే దేవతల మైల పోదు.

మాదిగల జాంబపురాణాన్ని చూడండి. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు జాంబవుడని డక్కలివారు పాడతారు. ఊరు ఎవరిని వెలుపల ఉంచిందో వాళ్ల మూలపురుషుడు ఊరి కంటే, నేల కంటే, తక్కిన మనుషులందరి కంటే ముందువాడు. ఇంతకంటే ధైర్యమైన మాట మన భాషలో ఇంకొకటి ఉందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఏ సిద్ధాంత గ్రంథమూ చదవని గాయకుడు కిన్నెర భుజాన వేసుకుని ఊరి బయట చెట్టుకింద కూర్చుని సృష్టిక్రమాన్నే తిరగరాశాడు. అస్తిత్వం అనే మాట మన విశ్వవిద్యాలయాల్లోకి ఎప్పుడు వచ్చిందో గానీ, వస్తువు మాత్రం అక్కడ ఎన్నడో ఉంది.

అయితే ఆ పటాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగడం నా ఉద్దేశం కాదు. దానికి రెండు హద్దులున్నాయి. మాదిగల ఘనతను పాడే డక్కలివారిని మాదిగలే అంటరానివారుగా చూశారు. తన పాటతో ఒక వాడకు గౌరవం మోసుకొచ్చినవాడు ఆ వాడకు దూరంగా నిలబడి పాడవలసి వచ్చింది. పరువు మెట్లు మెట్లుగానే ఉంది, ఎవరి మెట్టు మీద వాళ్లు తలెత్తారంతే. ఇక రెండో హద్దు, ఏ కులం పటం ఆ కులం ముందే విప్పుకోవడం. మడేలు పురాణాన్ని పటేలు వచ్చి వినలేదు. జాంబవుడు ముందువాడన్న మాట ఊరి నడిబొడ్డున ఎవరూ అడ్డుచెప్పలేదు, ఎందుకంటే ఊరి నడిబొడ్డున ఎవరూ దాన్ని వినలేదు. తన వాళ్ల మధ్య చెప్పుకున్నంతకాలం ఎంత పెద్ద మాటనైనా ఊరు సహిస్తుంది.

ఇలాంటి కథకుల ఇంటి నుంచే వచ్చిన ఒక మనిషి కథ ఇక్కడ చెప్పాలి. మన ఆదిలాబాదులో గోండులకు వంశగాథలు పాడే పర్ధానులు ఉన్నారు. అదే పర్ధానుల కుటుంబంలో, మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లెలో పుట్టినవాడు జంగఢ్ సింగ్ శ్యామ్. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లో భారత్ భవన్ కోసం పల్లెల్లో కళాకారులను వెతికిస్తున్నప్పుడు ఈ కుర్రవాడు ఇంటి గోడ మీద వేసిన బొమ్మలు కంటపడ్డాయి. అతన్ని భోపాల్ రప్పించి కాగితం, రంగులు చేతికిచ్చారు. తాతముత్తాతలు పాటలో చెప్పిన దేవతలు అతని చేతిలో చుక్కలుగా, గీతలుగా, కొమ్ములు చెట్లైన దుప్పులుగా రూపం కట్టారు. ఆ దేవతల్లో కొందరికి అంతకుముందు రూపమే లేదు. 1989లో పారిస్‌లో జరిగిన మహా ప్రదర్శనకు అతని బొమ్మలు వెళ్లాయి. భోపాల్ విధాన భవనం గోడల మీద అతని చేతి ముద్ర ఉంది. 2001లో, జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్లి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి సుమారు నలభై ఏళ్లు.

ఆ చావు గురించి ఎన్నో వాదాలున్నాయి, వాటిలోకి వెళ్లను. నన్ను వదలనిది వేరే సంగతి. పర్ధాను పాట పాడినప్పుడు ఎదురుగా గోండు కూర్చుని ఉండేవాడు. పాటలోని ప్రతి పేరూ అతనికి తెలుసు, తప్పు పాడితే దిద్దేవాడు, బాగా పాడితే ధాన్యం కొలిచేవాడు. జంగఢ్ బొమ్మ ముందు నిలబడినవాళ్లకు అందులోని దేవుడి పేరు తెలియదు. పటం అందరి ముందూ విప్పడంలో ఉన్న గెలుపు ఇది, దాని వెలా ఇదే. ఇవాళ్టి కళాకారులు మోస్తున్న బరువు ఎంతటిదో తూచాలంటే ముందు ఈ రెండింటినీ కలిపి చూడాలి.

మన ఆధునిక చిత్రకళ వేరే దారిన వచ్చింది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు, 1897లో పుట్టి 1925లో 28వ ఏట మశూచితో పోయిన మహానుభావుడు, బొంబాయి చదువు ముగించుకుని వచ్చి ఆంధ్రులకంటూ ఒక చిత్రకళ ఉండాలని తపించాడు. ఆనాటి అస్తిత్వ ప్రశ్న అది. తెలుగువాడి ముఖం ఏది, తెలుగు గీత ఏది? పాలకుల బొమ్మల నుంచి మన బొమ్మను వేరుచేసుకోవడమే అప్పటి పోరాటం. ఆ ముఖంలో ఏ వాడ మనుషులున్నారన్న ప్రశ్నకు ఇంకా వేళ రాలేదు.

తర్వాతి తరంలో ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవారు మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి లక్ష్మా గౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి తోట వైకుంఠం. ఇద్దరూ బరోడా వెళ్లారు, ఇద్దరికీ కె.జి. సుబ్రహ్మణ్యన్ గురువు. ఇద్దరూ దూరం వెళ్లాకే తమ ఊరిని చూశారు. లక్ష్మా గౌడ్ రాగిరేకు మీద చెక్కిన పల్లెలో మేకలు, చెట్లు, మనుషుల కోరికలు దాపరికం లేకుండా కలిసిపోయి ఉంటాయి. పల్లె అంటే పవిత్రమైన పచ్చదనం అనుకునేవారికి అది మింగుడుపడలేదు. వైకుంఠం బొమ్మల్లో నల్లటి ఒంటి నిండుతనం, నొసట పెద్ద బొట్టు, ఎర్ర చీర. తెలంగాణ ఆడమనిషికి చిత్రకళలో అంత నిండైన చోటు ఇచ్చినవారు ఆయనకు ముందు లేరు.

ఆ స్త్రీలు పని చేస్తున్నట్టు కనపడరనీ, కొన్నవారి గదుల్లో అలంకారంగా మిగిలారనీ ఒక విమర్శ ఉంది. నేనూ ఒకప్పుడు అలా రాశాను. బి. నర్సింగరావు తీసిన దాసి సినిమాను మళ్లీ చూశాక ఆ మాట వెనక్కు తీసుకున్నాను. 1988 నాటి ఆ చిత్రానికి కళాదర్శకుడు వైకుంఠమే, దానికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. దొర గడీలోని ఆ చీకటి గదులు, కమలాక్షి తుడిచే ఆ నేల, ఎత్తే ఆ బిందెలు, అన్నీ ఆ చేతి ఏర్పాటే. కాన్వాసు మీద నిండుగా కూర్చున్న స్త్రీ ఎక్కడి నుంచి లేచి వచ్చిందో ఆ చేతికి తెలుసు. చాకిరీని బొమ్మలో చూపకపోవడం మరిచిపోవడం కాదు. ఆమెకు ఒక్క పూట కూర్చునే హక్కు ఇవ్వడం కూడా ఒక మాటే.

ఇప్పుడు నా మనసులో ఎక్కువగా నలుగుతున్న విషయానికి వస్తాను. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. దళితులను ఊచకోత కోసిన ఆ రెండు నెత్తుటి రోజుల తర్వాత తెలుగు కవిత్వం మునుపటిలా ఉండలేకపోయింది. 1993లో స్త్రీల కవితలు నీలిమేఘాలుగా, 1995లో దళిత కవితలు చిక్కనవుతున్న పాటగా పుస్తకాలై వచ్చాయి. మన సాహిత్యం గట్టిగా పలికింది. అదే కాలంలో మన చిత్రకళ అంత గట్టిగా ఎందుకు పలకలేదు? చిత్రకారులకు మనసు లేదనడం అన్యాయం. కవితకు కాగితం చాలు, లేకపోతే గొంతు చాలు. బొమ్మకు రంగులు కావాలి, చదువు కావాలి, వేలాడదీయడానికి గోడ కావాలి, కొనేవాడు కావాలి. గూడెం నుంచి వచ్చిన కుర్రవాడు కవి అవడానికి పట్టే ఖర్చుకూ, చిత్రకారుడు అవడానికి పట్టే ఖర్చుకూ పోలిక లేదు. కొనేవాడి గదిలో ఇమడని బొమ్మ చిత్రకారుడి ఇంట్లోనే దుమ్ము పడుతుంది. అందుకే ఆ రోజుల్లో తెలుగువాడి అసలైన చిత్రశాల పుస్తకాల అట్టలు, ఉద్యమాల పోస్టర్లు. చిత్రకారులు మోహన్, చంద్ర గీసిన గీతలు ఏ గ్యాలరీకీ వెళ్లని మనిషి చేతుల్లోకి వెళ్లాయి. ఆ గీతలను కళాచరిత్రలో లెక్కించకపోవడం మన చదువులో పెద్ద లోపం.

నాగపూర్‌లో మాత్రం ఒకరు ఆ ఖర్చు భరించి నిలబడ్డారు. 1961లో అక్కడ పుట్టిన సవి సావర్కర్ నాగపూర్‌లో, బరోడాలో చదివి, ఢిల్లీలో చిత్రకళ బోధించారు. ఆయన బొమ్మల్లో మళ్లీ మళ్లీ వచ్చే మనిషికి మెడలో ముంత, నడుముకు చీపురు. ఉమ్ము నేల మీద పడకుండా ముంత, నడిచిన అడుగు చెరిపేయడానికి చీపురు. పేష్వాల పుణెలో అంటరానివారు ఎలా నడవవలసి వచ్చిందో అంబేడ్కర్ రాసిన సంగతి అది. సావర్కర్ చేతిలో అది చరిత్ర పాఠంగా మిగలలేదు. నల్లటి, మొరటైన గీతల్లో ఆ మనిషి సూటిగా మన కళ్లలోకి చూస్తాడు. దేవదాసీల మీదా ఆయన బొమ్మలు వేశారు. జోగినీ ఆచారాన్ని చట్టం నిషేధించాక కూడా పాలమూరు, నిజామాబాదు పల్లెల్లో ఆడవాళ్లు ఏం మోశారో తెలిసినవారికి ఆ బొమ్మలు పరాయివి కావు. జాంబపురాణంలో జాంబవుడు తనవాళ్లకు చెప్పిన మాట తలెత్తమన్నది. ఈ బొమ్మ తలదించుకోవలసినవారి ఎదుటికే వెళ్లి నిలబడింది.

ఆడవాళ్ల బాధను బొమ్మ కట్టడానికి నీలిమా షేక్ ఎంచుకున్న దారి మరొకటి. 1984లో ఆమె చంపా అనే అమ్మాయి కథను 12 చిన్న బొమ్మల వరసగా వేశారు. సైకిలు మీద ఆడుకునే పిల్ల, పెళ్లి, అత్తిల్లు, మంట. కట్నపు చావును ఒకే పెద్ద కాన్వాసులో అరుపుగా చూపవచ్చు. ఆమె కథ చెప్పడాన్ని ఎంచుకున్నారు, ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ, పటం విప్పినట్టు. తర్వాత కాశ్మీరం గురించి వేసినప్పుడు నిజంగానే వేలాడే పటాలు వేశారు. మన హైదరాబాదులోనే పనిచేస్తున్న వరుణికా సరాఫ్, రాజ్యాంగ పీఠికలోని తొలి మాటలను పేరుగా పెట్టి, నిరసనల్ని, హింసని, వీధిలోకి వచ్చిన జనాన్ని సూదీ దారంతో గుడ్డ మీద కుట్టారు. ఇన్ని బళ్లు, ఇన్ని వాదాలు దాటివచ్చిన కళాకారులు మళ్లీ గుడ్డ దగ్గరికి, కథ దగ్గరికి ఎందుకు చేరుతున్నారు? ఒక్క చూపులో అయిపోయే బొమ్మ ముందు మనిషి ఆగడు. కథ మొదలైతే చివరిదాకా నిలబడక తప్పదు. కూనపులివారికి తెలిసిన కిటుకే ఇది.

జరీనా హష్మీ మాట కూడా చెప్పాలి. అలీగఢ్‌లో పుట్టి, దేశవిభజన తర్వాత కుటుంబం పాకిస్తాన్ చేరగా, తాను ఊళ్లు తిరుగుతూ న్యూయార్కులో స్థిరపడిన ఆమె 1999లో 36 కొయ్య అచ్చులు తీశారు. ఒక్కో దానికి ఒక్కో ఉర్దూ మాట. ఇల్లు, గడప, వాకిలి వంటి మాటలవి, వాటి పక్కన నల్లటి కొద్ది గీతలు మాత్రమే. ఇల్లే పరాయి దేశమైందని ఆ వరసకు పేరు. "ఇది ఎవరిల్లు?" అన్న ప్రశ్నకు ఇన్ని తక్కువ గీతల్లో జవాబు చెప్పినవారిని నేను చూడలేదు. సారుకు ఆ అచ్చుల నకళ్లు తీసుకువెళ్లి చూపించాను. చాలాసేపు చూసి, "గడప ఎక్కడ ఉందో ఈమెకు తెలుసు" అన్నారు.

గ్యాలరీల సంగతి ఇంతటితో ఆపుతాను. గత నలభై ఏళ్లలో తెలుగు నేల మీద అస్తిత్వాన్ని చాటిన అతి పెద్ద కళారూపం గ్యాలరీల్లో లేదు. అది ఊరి కూడలిలో ఉంది. నీలం కోటు, చేతిలో పుస్తకం, ముందుకు చాచిన వేలు. అంబేడ్కర్ విగ్రహం లేని దళితవాడ ఇవాళ అరుదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరిలో విజయవాడలో 125 అడుగుల విగ్రహాలు లేచాయి. వాటి ఘనత వాటిది. కానీ నాకు ప్రాణమైనవి వాడవాళ్లు చందాలు వేసుకుని నిలబెట్టిన నాలుగడుగుల సిమెంటు విగ్రహాలు. ముక్కు సరిగా కుదరకపోవచ్చు, కోటు మరీ నీలం కావచ్చు. కానీ ఆ విగ్రహం ఎక్కడ నిలబడాలన్న దాని మీద ఊళ్లలో కొట్లాటలు జరిగాయి, మనుషులు దెబ్బలు తిన్నారు. వాడలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, కూడలిలో పెడతామంటేనే గొడవ. పటం తనవాళ్ల ముందు విప్పుకోవడానికీ, అందరి ముందూ విప్పడానికీ ఉన్న తేడాను నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, అలాంటి ఒక కూడలిలో నేర్చుకున్నాను.

తెలంగాణ తల్లి విగ్రహం మీద జరిగిన చర్చ కూడా మీ మనసులో ఉంటుంది. 2024 డిసెంబరు 9న సచివాలయంలో కొత్త రూపాన్ని ఆవిష్కరించారు. తలమీద కిరీటం ఉండాలా వద్దా, చేతిలో బతుకమ్మ ఉండాలా పంట కంకులు మాత్రమేనా అని జనం వాదించుకున్నారు. కొందరు దాన్ని పనికిమాలిన గొడవ అన్నారు. కాదు. అమ్మ ఏ ఇంటి ఆడమనిషిలా ఉండాలి అని ఒక ప్రజ తనను తాను అడుగుతున్నప్పుడు, అది మా ఆరో తరగతి ప్రశ్నే పెద్దదై తిరిగి వచ్చినట్టు.

పోయిన ఎండాకాలం హైదరాబాదు నుంచి వస్తూ రోడ్డు పక్కన విగ్రహాలు చేసే ఒక షెడ్డు దగ్గర ఆగాను. వరసగా నిలబడి ఉన్నారు, అంబేడ్కర్, ఫూలే దంపతులు, చాకలి ఐలమ్మ, సర్వాయి పాపన్న, దొడ్డి కొమురయ్య. ఒక్కొక్కరిని ఒక్కో కులసంఘం చేయిస్తున్నది. చేర్యాల పటాల వరసే సిమెంటులో నిలబడినట్టు తోచింది. ఎవరి పటం వాళ్లది అన్న పాత హద్దు కూడా అందులో ఉందని దిగులు కలిగింది. అయితే ఇవి రేపు ఒకే రోడ్డు పక్కన, అందరూ నడిచే చోట నిలబడతాయన్నదీ నిజమే. దిమ్మెల మీద విరాళమిచ్చినవారి పేర్లు, ఆవిష్కరించబోయేవారి పేర్లు చెక్కి ఉన్నాయి. చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

ఆ విగ్రహాలు చేసే ఆయన్ను కొమురయ్య ముఖం ఎలా దొరికిందని అడిగాను. కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల తూటాకు బలైన గొర్లకాపరి. చేయించుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర ఫొటో ఏదీ లేదట. ముఖం సంగతి నీకే వదిలేస్తున్నాం, గొంగడి మాత్రం తప్పు పడకూడదన్నారట. ఏ భుజం మీద నుంచి ఎటు మడత పడాలో మాటల్లో చెప్పబోయి, చెప్పలేక, వాళ్లలో ఒక పెద్దాయన తన గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని, తడి సిమెంటు ఎదురుగా నిలబడ్డాడట. మే నెల ఎండ, పైన రేకుల షెడ్డు. మడతలు కుదిరేదాకా, మధ్యాహ్నమంతా, ఆయన కదలలేదట.